పరుల పలుకు, తన గొంతు: ఈవ్ మోంతాన్ నటగాయక జీవితము

నటునకును గాయకునకును ఒక సామాన్యధర్మము కలదు. ఇరువురును పరులు రచించిన మాటలను తమ మాటలుగ పలుకవలసినవారే. కవి వ్రాసి తొలగిపోవును. నాటకకర్త తెర వెనుక నిలిచిపోవును. ప్రేక్షకుల యెదుట ఒంటరిగ నిలిచి ఆ మాటకు దేహమును, శ్వాసను ఇచ్చువాడు నటగాయకుడు. అట్లయినచో ఆ మాటకు బాధ్యుడెవడు? వ్రాసినవాడా, పలికినవాడా? ఆలంకారికులు వాచికమును అభినయ భేదములలో ఒకటిగ గణించి, నటుని ధర్మమును అంతవఱకే చెప్పి విడిచిరి. కాని రాజ్యములు కవిత్వమునకు భయపడు కాలమున, గాయకుని రాకపోకలు రాజకీయ వార్తలైన కాలమున, ఈ ప్రశ్న శాస్త్రచర్చగ నిలువలేదు. ఫ్రెంచి నటగాయకుడు ఈవ్ మోంతాన్ జీవితమంతయు దానికి సమాధానమును వెదకుటలోనే గడచెను.

ఆతడు పుట్టుకచే ఫ్రెంచివాడు కాడు. 1921 అక్టోబరు 13వ తేదీన ఇటలీ దేశమున టస్కనీ మండలములోని మొన్సుమ్మానో గ్రామమున ఒక పేదయింట జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఇవో లీవి. తండ్రి జొవాన్ని చీపురులు తయారుచేసి అమ్ముకొనువాడు. కమ్యూనిస్టు సిద్ధాంతములయందు దృఢవిశ్వాసము కలవాడు. తల్లి జుసెప్పీనా కాథలిక్ మతమున భక్తురాలు. ముస్సోలినీ అధికారమునకు వచ్చిన పిమ్మట ఇట్టి కుటుంబమునకు ఆ దేశమున బ్రతుకుట దుర్భరమయ్యెను. 1923లో వారు ఫ్రాన్సు దక్షిణతీరమున ఉన్న మార్సేయ్ రేవు పట్టణమునకు తరలివచ్చిరి. 1929లో ఫ్రెంచి పౌరసత్వమును పొందిరి.

మార్సేయ్ ఆ దినములలో వలసవచ్చిన వారి పట్టణము. లీవి కుటుంబము నివసించిన కాబుసెల్ పేట కర్మాగారముల పొగలోను, రేవు శబ్దములలోను మునిగియుండెడి కార్మికవాటిక. బాలుడు పదునొకండవయేట బడి విడిచి సేమియావంటి పిండివంటలు చేయు కర్మాగారమున పనికి కుదిరెను. పిదప అక్క లిడియా నడపెడి క్షౌరశాలలో స్త్రీల శిరోజములను తీర్చుట నేర్చెను. అటుపై ఓడల నిర్మాణశాలలో లోహపు పనిచేసెను. రేవులో మూటలను మోసెను. ఆతని అన్న జూలియాన్ కార్మికోద్యమమున పనిచేయుచు కమ్యూనిస్టు పార్టీలో చేరెను. ఇంట రాజకీయము అన్నముతో కలిసి వడ్డింపబడెడిది.

పాట మాత్రము ఇంటినుండి వచ్చినది కాదు. వీధినుండి, చలనచిత్రశాలనుండి వచ్చెను. అమెరికన్ చిత్రములలోని నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ ఆతని ఆరాధ్యదైవము. 1938లో పదునేడేండ్ల వయస్సున పేటలోని చిన్న వేదికలమీద పాడుట ప్రారంభించెను. వేదికకు ఒక పేరు కావలసివచ్చెను. బాల్యమున తల్లి మేడమీద నిలిచి వీధిలో ఆడుకొనుచున్న కుమారుని “ఇవో, మోంతా!” అని కేక వేసెడిదట, ఇటాలియన్ నోట పలికిన ఫ్రెంచి మాట అది, పైకి రమ్మని భావము. ఆ కేకయే ఆతని పేరయ్యెను. తల్లి పిలుపునే బిరుదుగ ధరించి లోకమున సంచరించిన గాయకులు అరుదు.

1939లో మార్సేయ్ లోని ఆల్కజార్ రంగశాలలో ఆతడు పాడెను. యుద్ధము వచ్చినది, ఫ్రాన్సు ఓడినది. అంధుడైన స్వరకర్త షార్ల్ యూమెల్ కూర్చిన అమెరికా పశ్చిమభూముల గొల్లవాని పాట ఒకటి ఆతనికి మొదటి కీర్తిని తెచ్చెను. జర్మను ఆక్రమణలో ఉన్న జనులకు అమెరికా పేరు వినబడుటయే ఒక ఊరట. జర్మనీ కర్మాగారములకు యువకులను నిర్బంధముగ తరలించుచున్న సమయమున, 1944 ప్రారంభమున, ఆతడు పారిస్ నగరమునకు చేరెను.

ఆ యేటి వేసవిలో మూలాఁ రూజ్ రంగశాలలో ఎదీత్ పియాఫ్ ప్రధానగాయని. ఆమెకు ముందు పాడుటకు ఈ యువకుని నియమించిరి. ఆమె మొదట ఆతనిని తేలికగ చూచెను. విన్న పిమ్మట శిష్యునిగ గ్రహించెను. ప్రేమయు, గురుత్వమును కలగలసిన ఆ రెండేండ్ల సాంగత్యమున ఆమె ఆతని గొల్లవాని వేషమును మాన్పించెను, మార్సేయ్ యాసను సవరించెను, పాటల ఎన్నిక నేర్పెను. పాట యనగా రాగము మాత్రమే కాదనియు, మూడు నిమిషములలో ముగియు నాటకమనియు ఆతడు ఆమెవద్ద గ్రహించెను. 1946లో ‘వెలుగులేని తార’ అను చిత్రమున ఇరువురును కలిసి నటించిరి.

అదే సంవత్సరమున మార్సెల్ కార్నే దర్శకత్వమున ‘రాత్రి ద్వారములు’ అను చిత్రము వెలువడెను. రచన కవి జాక్ ప్రెవేర్. నాయకపాత్రను ధరింపవలసిన ప్రఖ్యాతనటుడు జాఁ గాబాఁ తప్పుకొనగా ఆ భారము మోంతాన్ మీద పడెను. చిత్రము పరాజయము నొందెను. యువకుని నటన నిందల పాలయ్యెను. కాని ఆ చిత్రములో ఒక పాట తునకలుగ వినబడెను. హంగరీనుండి వలసవచ్చిన స్వరకర్త జోసెఫ్ కోస్మా ఒక నృత్యనాటకము కొఱకు కట్టిన రాగమునకు ప్రెవేర్ సమకూర్చిన మాటలవి. ‘ఎండుటాకులు’ దాని పేరు. చిత్రము మరుపున పడినను పాట నిలిచెను. మోంతాన్ దానిని మాటిమాటికి వేదికలపై పాడెను. తుదకు అది ఖండములు దాటి పలుభాషలలో మారుమ్రోగెను.

ఇచట రచయితలకు ఆలోచనీయమైన విషయము ఒకటి కలదు. ప్రెవేర్ కవితలు గ్రంథరూపమున విశేషాదరణ పొందినవే. ఐనను పుస్తకము తెరవని కార్మికుని యింటికి ఆ కవిత్వము చేరినది గొంతుద్వారా. మోంతాన్ కవితను సంగీతమునకు బలియీయలేదు. ప్రతి పదమును స్పష్టముగ, సంభాషణవలె పలికెడివాడు. బాంబులవలన ధ్వంసమైన బ్రెస్ట్ పట్టణమునుగూర్చి ప్రెవేర్ వ్రాసిన ‘బార్బరా’ కవితను ఆతడు వేదికపై వినిపించినప్పుడు పాటకును, పఠనమునకును నడుమనున్న గీత చెరిగిపోయెడిది. గాయకుడు కవికి పల్లకి మోయువాడు కాడు, కవితకు రెండవ జన్మ నిచ్చువాడు అను సత్యమును ఆతని కళ స్థాపించెను.

ఆ కళకు వెనుక కఠోరసాధన కలదు. ఆతని వేషము గోధుమవన్నె చొక్కాయు, అదే వన్నె లాగును మాత్రమే; మెడవద్ద గుండీ తీసియుండెడిది. అది కార్మికుని దుస్తు. వేదికపై అలంకారములు లేవు. చేతివ్రేలి కదలిక, టోపీ వంపు, అడుగు తడబాటు మున్నగునవన్నియు అద్దము ముందు వందలమారులు అభ్యసింపబడినవి. చూచువారికి అది అప్పటికప్పుడు పుట్టిన సహజచేష్టవలె తోచెడిది. పియానోవాద్యకుడు బాబ్ కాస్తెల్లా దశాబ్దములపాటు ఆతని వెంట నిలిచెను. 1953 శరత్కాలమున ఎత్వాల్ రంగశాలలో ప్రారంభమైన ఏకగాయక ప్రదర్శన మరుసటి యేటి వసంతము వఱకు సాగెను. ఒక్క గాయకుడు, ఒక్క సాయంకాలము, ఇరువదికి పైగా పాటలు. ఆ పద్ధతి ఫ్రెంచి గానరంగమున అటుపిమ్మట పలువురకు మార్గదర్శకమయ్యెను.

1949 ఆగస్టు మాసమున దక్షిణఫ్రాన్సులోని సాఁ-పోల్-ద-వాఁస్ గ్రామమున నటి సిమోన్ సిన్యోరే ఆతనికి పరిచితురాలయ్యెను. 1951 డిసెంబరులో వారు వివాహమాడిరి. ఆమె చదువరి, వాదనిపుణ. ఇరువురును కమ్యూనిస్టు పార్టీలో సభ్యులు కాలేదు. ఐనను లోకము వారిని పార్టీవారినిగనే ఎంచెను. 1950లో అణ్వాయుధములను నిషేధింపవలెనను స్టాక్‌హోమ్ విజ్ఞప్తిపై వారు చేవ్రాలు చేసిరి. ఇండోచైనాలో ఫ్రాన్సు యుద్ధము చేయుచున్న కాలమున సైనికునిగూర్చి ఫ్రాఁసిస్ లెమార్క్ రచించిన పాటను మోంతాన్ పాడగా రేడియోలో దానిని నిషేధించిరి. 1953లో అమెరికాలో రోజెన్‌బర్గ్ దంపతులకు మరణశిక్ష అమలు జరుగకుండ ఆపుటకై పోరాడినవారిలో ఈ దంపతులును కలరు. మరుసటి యేడు ఆర్థర్ మిల్లర్ నాటకము ‘సేలమ్ మంత్రగత్తెలు’ పారిస్‌లోని సారా బెర్నార్ రంగశాలలో ప్రదర్శింపబడినప్పుడు ప్రధానపాత్రలు రెంటిని వారే ధరించిరి. తప్పుడు ఒప్పుకోలుపై చేవ్రాలు చేయక ఉరికంబ మెక్కిన ప్రోక్టర్ పాత్ర మోంతాన్‌ది. సార్త్ర్ వ్రాసిన చిత్రానువాదముతో 1957లో అది చలనచిత్రమయ్యెను. ఆ పాత్రకు వేరొక రూపమున తాను మరల ఎదురుపడవలసివచ్చునని ఆనాడు ఆతడు ఎఱుగడు.

నటునిగ ఆతని ప్రతిష్ఠను నిలిపినది ఆఁరీ-జార్జ్ క్లూజో నిర్మించిన ‘భయమునకు వేతనము’. పెట్రోలుబావిలో రేగిన మంటల నార్పుటకై, ఏమాత్రము కుదిపినను పేలిపోవు నైట్రోగ్లిసరిన్‌ను లారీలలో తరలించు నలుగురు దిక్కులేని మనుష్యుల కథ అది. 1953లో ఆ చిత్రము కాన్ ఉత్సవమున ప్రథమ బహుమానమును, బెర్లిన్‌లో స్వర్ణభల్లూకమును పొందెను.

1956 వచ్చెను. ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ స్టాలిన్ నేరములను పార్టీ మహాసభలో బయటపెట్టెను; వేసవిలో ఆ ప్రసంగపాఠము ఫ్రెంచి పత్రికలకు ఎక్కెను. నవంబరు 4వ తేదీన సోవియట్ శకటములు బుడాపెస్ట్ నగరమున ప్రవేశించి హంగరీ ప్రజల తిరుగుబాటును అణచివేసెను. మోంతాన్ సోవియట్ దేశమున గానయాత్ర జరుపుటకు ఆ సరికే అంగీకరించి యుండెను. పోయినచో రక్తపుమరకను పాటతో కడిగినవాడగును; మానినచో తన బ్రతుకంతయు నమ్మిన పక్షమును శత్రువులకు అప్పగించినవాడగును. కుడివైపువారు దూషించిరి, బెదిరించిరి. ఎడమవైపువారు ఆతని ప్రయాణమును తమ సమర్థనగ చాటదలచిరి. ఆతడు సోవియట్ బొమ్మలాట దర్శకుడు సెర్గేయ్ ఒబ్రజ్‌త్సోవ్ పేర బహిరంగలేఖ ప్రకటించి, శాంతిపక్షమును విడువక, సందేహమును దాచక, డిసెంబరులో సిన్యోరేతో బయలుదేరెను.

మాస్కోలో జనులు ఆతనికి బ్రహ్మరథము పట్టిరి. రష్యన్ గాయకుడు మార్క్ బెర్నెస్ ఆతనిపై ఒక పాట పాడెను; ఆతని పర్యటనపై ఒక వార్తాచిత్రమును తీసిరి. ఒక రాత్రి ప్రదర్శనానంతరము క్రుశ్చేవ్, బుల్గానిన్, మాలెంకోవ్, మోలొటోవ్, మికోయాన్ అను అగ్రనాయకులు దంపతులను విందునకు పిలిచిరి. ఆ భోజనపు బల్లవద్ద మోంతాన్ హంగరీ ప్రసక్తి తెచ్చి శకటము లేల పోయినవని ప్రశ్నించెను. సామ్యవాద రక్షణకై చేసితిమని వారు వాదించిరి. వాదము తెగలేదు. ఆ సంభాషణను సిన్యోరే 1976లో ప్రచురించిన స్వీయచరిత్రలో విపులముగ వర్ణించినది. ఇట్టి ప్రశ్న వేయుట సాహసమే. కాని అది నాలుగు గోడల నడుమ వేసిన ప్రశ్న. చప్పట్లు మాత్రము గోడల వెలుపల అందరికిని వినబడెను. ఈ వ్యత్యాసమే ఆతనిని తరువాతి జీవితమున బాధించెను. పోలండు, తూర్పుజర్మనీ, చెకోస్లొవేకియా మున్నగు దేశములలో పాడి తిరిగివచ్చునప్పటికి విశ్వాసము పగిలియుండెను. కాని ఇంకను విరుగలేదు.

అనేకవర్షములు ద్వారములు మూసిన అమెరికా 1959లో ప్రత్యేకానుమతితో ఆతనిని రానిచ్చెను. న్యూయార్కులో ఆతని ఏకగాయక ప్రదర్శన విజయవంతమయ్యెను. 1960లో హాలీవుడ్డులో మెరిలిన్ మన్రోతో ‘ప్రేమింతము రమ్ము’ అను చిత్రమున నటించెను. ఆంగ్లము సరిగా రాని ఆ నటుడు మాటలను ధ్వనులుగ కంఠస్థముచేసి పలికెను. వారిరువురి ప్రణయవార్తలు పత్రికల కెక్కెను. అదే యేడు సిన్యోరే ఆస్కార్ బహుమానము పొందెను. ఆ దినములలో ఆమె చూపిన హుందాతనమును ఫ్రాన్సు మరువలేదు.

నటునిగ ఆతని శిఖరదశ రచయిత హోర్హె సెంప్రూన్ స్నేహముతో ప్రారంభమయ్యెను. స్పెయిన్ కమ్యూనిస్టు పార్టీ రహస్యోద్యమమును నడిపి, 1964లో ఆ పార్టీచే బహిష్కృతుడైనవాడు సెంప్రూన్. అలాఁ రెనే దర్శకత్వమున 1966లో వచ్చిన ‘యుద్ధము ముగిసినది’ చిత్రమునకు ఆతడు రచయిత. పారిస్‌లో ప్రవాసముండి స్పెయిన్ విప్లవమునకై రాకపోకలు సాగించుచు, ఆ విప్లవముయొక్క పద్ధతులను శంకించు దియేగో పాత్రను మోంతాన్ ధరించెను. నమ్మకము సడలినను కర్తవ్యము విడువని మనిషి వాడు. నటునకును పాత్రకును నడుమ దూరము చాల తగ్గెను.

పిమ్మట గ్రీకు సంతతివాడైన దర్శకుడు కోస్తా-గావ్రాస్ మూడు చిత్రములలో ఆతనికి మూడు ముఖముల నిచ్చెను. 1963లో థెస్సలొనీకిలో హత్యకు గురియైన గ్రీకు శాసనసభ్యుడు లంబ్రాకిస్ ఉదంతమే 1969 నాటి ‘జడ్’. అందు మోంతాన్ కనబడునది కొన్ని నిమిషములే. కాని హతుడైన ఆ శాంతివాది నీడ చిత్రమంతయు పరచుకొనియుండును. రెండవది 1970 నాటి ‘ఒప్పుకోలు’. మూడవది చిలీలో చిత్రీకరింపబడిన ‘ముట్టడి’. ఉరుగ్వేలో పోలీసులకు శిక్షణ నిచ్చుచు, విప్లవకారులచే 1970లో చంపబడిన అమెరికన్ అధికారి ఆధారముగ కల్పించిన పాత్ర దానిలోనిది.

ఈ మూటిలో ‘ఒప్పుకోలు’ ఆతని జీవితమునకు మలుపు. చెకోస్లొవేకియా విదేశాంగశాఖలో ఉపమంత్రిగనుండిన ఆర్తుర్ లండన్‌ను స్వపక్షపు ప్రభుత్వమే బంధించి, నిద్ర లేకుండ, కూర్చుండనీయక నడిపించి, చేయని నేరమును ఒప్పుకొనునట్లు చేసెను. 1952 నవంబరులో స్లాన్‌స్కీ విచారణలో పదునలుగురు ముద్దాయిలు. పదునొకండుగురిని ఉరితీసిరి, లండన్ యావజ్జీవశిక్షతో బయటపడిన ముగ్గురిలో ఒకడు. ఆతని గ్రంథము 1968లో వెలువడెను. ఆ యేటి ఆగస్టులోనే సోవియట్ శకటములు ప్రాగ్ నగరమున ప్రవేశించెను. ఈ పర్యాయము మోంతాన్ భోజనపు బల్లవద్ద కాక బాహాటముగ ఖండించెను. చిత్రీకరణ కాలమున ఆహారము తగ్గించి శరీరమును కృశింపజేసుకొనెను, సంకెళ్ళు ధరించెను. అది ప్రాయశ్చిత్తమని చూచినవారు తలచిరి. 1953లో రోజెన్‌బర్గ్ దంపతులకై గొంతెత్తినవాడు, అంతకు ఒక్క యేడు ముందు ప్రాగ్‌లో ఉరికంబ మెక్కినవారిని గూర్చి మౌనము వహించెను. ప్రోక్టర్ చేవ్రాలు చేయ నిరాకరించెను; లండన్ చేసెను. రెండు పాత్రలును ఒక్క నటుని దేహమునే ఆశ్రయించినవి. పాతమిత్రులు కొందఱు ఆతనిని ద్రోహి యనిరి. అన్న జూలియాన్‌తో కూడ ఎడబాటు కలిగెను.

ఐనను ఆతడు ఒక పక్షమునుండి తొలగినంతనే ఎదుటిపక్షమున చేరలేదు. 1973 సెప్టెంబరులో చిలీలో సైన్యము ఆయెందే ప్రభుత్వమును కూలద్రోసెను. 1974 ఫిబ్రవరిలో, ఆఱేండ్లుగ ఏకగాయక ప్రదర్శన మానియున్న మోంతాన్, చిలీ శరణార్థుల సహాయార్థము ఒలింపియా రంగశాలలో ఒక్క రాత్రి పాడెను. క్రిస్ మార్కెర్ ఆ ప్రదర్శనకు జరిగిన అభ్యాసమును ‘దూరపుపరుగు గాయకుని ఏకాంతము’ అను చిత్రముగ నిలిపెను. ఒక్క అడుగుకై విసుగుకొని మరల మరల మొదలిడు గాయకుని అందు చూడవచ్చును. 1981లో అఱువదియేండ్ల ప్రాయమున ఒలింపియాకు మరల వచ్చెను. డిసెంబరులో పోలండున సైనికశాసనము విధింపబడినప్పుడు ఫూకో, బూర్ద్యూ అనువారు రచించిన విజ్ఞప్తిని రేడియోలో చదివినది ఆతని గొంతే. 1982లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరా వేదికపై జనసామాన్యపు పాటలతో ఒంటరిగ నిలిచెను.

అటుపిమ్మటి దినములలో ఆతడు దూరదర్శనమున దేశార్థికమును గూర్చి, రక్షణను గూర్చి ప్రసంగించెను, రాష్ట్రపతి పదవికి పోటీచేయునను వదంతి కూడ పుట్టెను, చేయలేదు. పూర్వపు తీవ్రతతోనే విరుద్ధాభిప్రాయములను పలుకుచున్నాడని విమర్శకులు ఆక్షేపించిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. గాయకునికి లభించు విశ్వాసము వేఱు, ఆలోచనాపరునికి లభింపవలసిన విశ్వాసము వేఱు. మొదటిదానిని రెండవదానికై వెచ్చించు ప్రమాదమునుండి ఆతడు పూర్తిగ తప్పించుకొనలేదు.

1986లో మార్సెల్ పాన్యోల్ నవల ఆధారముగ క్లోద్ బెర్రీ నిర్మించిన ‘ఝాఁ ద ఫ్లోరెత్’, ‘మనోఁ దె సూర్స్’ అను జంటచిత్రములలో మోంతాన్ ముసలిరైతు సెజార్ పాత్రను ధరించెను. పొలము కాజేయదలచి నీటియూటను మూసి, గూనివాడైన పొరుగురైతు చావునకు కారణమైన ఆ వృద్ధుడు, ఆ గూనివాడు తన కుమారుడే యని చిట్టచివర తెలిసికొనును. యౌవనమున తన కందవలసిన ఒక లేఖ అందకపోవుటయే ఆ ఘోరమునకు మూలము. ఒక అంధవృద్ధ ఆ నిజమును చెప్పుచుండగా, మోంతాన్ దాదాపు ఏమియు పలుకక విని కూలిపోవుట చూచినవారు మరువలేరు. ఐదు దశాబ్దములు మాటతో బ్రతికినవాని అత్యుత్తమాభినయము మౌనమున ఉండుట విశేషము. ఈ చిత్రముల నిర్మాణకాలముననే, 1985 సెప్టెంబరు 30న, సిన్యోరే కన్నుమూసెను. 1991 నవంబరు 9న, ఝాఁ-ఝాక్ బెనెక్స్ చిత్రమునందలి తన పాత్రను ముగించిన వెంటనే, మోంతాన్ గుండెపోటున మరణించెను. పారిస్‌లోని పెర్ లాషెజ్ శ్మశానవాటికలో దంపతు లిరువురును ఒక్కచోటనే విశ్రమించియున్నారు.

ఆతడు గ్రంథకర్త కాడు, కవి కాడు. ప్రెవేర్, మిల్లర్, సార్త్ర్, సెంప్రూన్, పాన్యోల్ మాటలే ఆతని సంపద. ఐనను వ్రాసినవారితో సమానముగ ఆతడు ఆ మాటలకు వెల చెల్లించెను: నిషేధముగ, నిందగ, అన్నతో ఎడబాటుగ. పొరపడెను, పొరపాటును నలుగురి యెదుట ఒప్పుకొనెను. నిర్బంధముచేత ఒప్పుకొనుట లండన్ కథ. నిర్బంధము లేకయే ఒప్పుకొనుట మోంతాన్ కథ. పలికిన మాటకు పలికినవాడును బాధ్యుడే యని ఆతని జీవితము తీర్పు చెప్పుచున్నది. ఆ తీర్పు నటగాయకునికి వర్తించినచో, ఆ మాటను మొదట కాగితముపై పెట్టినవానికి ఎంతగ వర్తించునో వేఱుగ చెప్పనక్కఱలేదు.